ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకునే దారి

జే లీ పదమూడేళ్ల వయసులో, 1982లో, తల్లిదండ్రుల వెంట దక్షిణ కొరియా నుంచి అమెరికా వచ్చాడు. పెద్దయ్యాక టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో రెస్టారెంట్లు పెట్టి నడుపుకున్నాడు. కొరియాకు మళ్లీ ఎన్నడూ వెళ్లలేదు. అమెరికా పౌరసత్వం మాత్రం తీసుకోలేదు, గ్రీన్‌కార్డుతోనే ఉండిపోయాడు. ఫెడరల్ అధికారులు అతని ఇల్లు సోదా చేస్తే 88 ఎక్స్టసీ మత్తుమాత్రలు దొరికాయి. అవి తనవేనని అతను దాచలేదు. లాయరును పదేపదే అడిగింది ఒక్కటే: నన్ను దేశం నుంచి పంపేస్తారా? పంపరని లాయరు చెప్పాడు. ఆ మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. ఏడాదీ ఒక రోజు జైలుశిక్ష పడింది. ఆ ఒప్పుకోలుతో దేశం వదలడం తప్పనిసరి అయిందని ఆ తర్వాతే తెలిసింది.

ఒప్పుకున్న రోజున జడ్జి అతన్ని ఈ సంగతి అడిగాడు కూడా. నేరం రుజువైతే నిన్ను దేశం నుంచి పంపేయవచ్చు, ఇది తెలిశాక నీ నిర్ణయం ఏమైనా మారుతుందా అన్నాడు. మారుతుందన్నాడు లీ. ఎలా మారుతుందని జడ్జి మళ్లీ అడిగితే, అర్థం కాలేదన్నాడు. పక్కనున్న లాయరు వైపు తిరిగాడు. అందరికీ చెప్పే మామూలు హెచ్చరికే అది అన్నాడు లాయరు. ఈ ప్రశ్నలూ జవాబులూ అన్నీ కోర్టు రికార్డులో మాట పొల్లుపోకుండా ఉన్నాయి. ఏళ్ల తర్వాత కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు అతన్ని కాపాడిన వాటిలో ఆ రికార్డు ఒకటి. అతని మీద సాక్ష్యం బలంగా ఉంది, విచారణకు వెళ్లినా గెలిచే ఆశ దాదాపు లేదు. అయినా సరైన సలహా దొరికి ఉంటే, ఉన్న కొద్దిపాటి ఆశనే పట్టుకుని విచారణకే వెళ్లేవాడని 2017 జూన్‌లో కోర్టు 6–2 మెజారిటీతో తేల్చింది. తప్పుడు సలహా మీద నిలిచిన ఒప్పుకోలు చెల్లదంది.

ఈ కేసులో నన్ను ఆపింది లీ గెలుపు కాదు, అతని ముందు ఒక తలుపు ఉండటం. నేరం ఒప్పుకున్న మనిషి, శిక్ష పడిన మనిషి, తన మాటను వెనక్కి తీసుకోవడానికి వెళ్లి తట్టగల తలుపు. అది ఎక్కడుంది, ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది, ఏం చూపిస్తే తెరుచుకుంటుంది అన్నవి అక్కడ రాతపూర్వకంగా ఉన్నాయి. మన దగ్గర లోపలికి వెళ్లే దారి, అంటే ఒప్పుకోలు తీసుకునే తీరు గురించి చట్టంలో కొన్ని మంచి మాటలు ఉన్నాయి. బయటికి వచ్చే దారి గురించి ఒక్క సెక్షనూ లేదు.

అమెరికా ఫెడరల్ కోర్టులకు క్రిమినల్ ప్రొసీజర్ నియమాలు ఉన్నాయి. అందులో 11వ నియమం పూర్తిగా నేరాంగీకారం గురించే. వెనక్కి తీసుకునే విషయాన్ని అది మూడు దశలుగా విడదీస్తుంది. ఒప్పుకోలును జడ్జి ఇంకా ఆమోదించకపోతే ముద్దాయి ఏ కారణమైనా చెప్పి, ఏ కారణమూ చెప్పకుండా కూడా, మాట మార్చుకోవచ్చు. ఆమోదించాక, శిక్ష వేసేలోగా అయితే న్యాయమైన, సముచితమైన కారణం చూపాలి. శిక్ష పడ్డాక ఇక ఆ కోర్టులో మామూలు దరఖాస్తు నడవదు, అప్పీలుకు గానీ, ఒప్పుకోలు రాజ్యాంగ విరుద్ధంగా జరిగిందని నిరూపించే ప్రత్యేక పిటిషన్‌కు గానీ వెళ్లాలి. లీ నడిచింది ఈ మూడో దారిలోనే. కాలం గడిచేకొద్దీ తలుపు ఇరుకవుతుంది, పూర్తిగా మూసుకుపోదు.

రెండో దశలో కోర్టు ఏం చూస్తుందన్నది ఏళ్ల తీర్పుల మీద స్థిరపడింది. ఒప్పుకున్నాక ఎన్ని రోజులకు మనసు మార్చుకున్నాడు? నేరం చేయలేదంటున్నాడా, అంటే దానికి ఆధారమేమిటి? అప్పుడు పక్కన సరైన లాయరు ఉన్నాడా? తెలిసి, ఇష్టపడి ఒప్పుకున్నాడా? ఈ ఆలస్యం వల్ల ప్రాసిక్యూషన్ సాక్షులు చెదిరిపోయారా? మరునాడే పరుగెత్తుకొచ్చి పొరపాటయిందన్నవాడి మాటకు విలువ ఎక్కువ. శిక్ష భారీగా పడేలా ఉందని తెలిశాక ఆరు నెలలకు వచ్చి అడిగేవాడిని కోర్టు ఒక పట్టాన నమ్మదు. ఇలాంటి వెసులుబాటు ఇస్తే ముద్దాయిలంతా కేసులు సాగదీయడానికి వాడుకుంటారని మన దగ్గర ఎవరైనా భయపడితే, ఆ భయానికి అక్కడి అనుభవం జవాబు చెబుతుంది. అడగడం తేలిక, గెలవడం కష్టం. అయినా అడిగే హక్కు మాత్రం కాగితం మీద ఉంటుంది.

ఇంకో రక్షణ కూడా ఉంది. కోర్టు అనుమతితో వెనక్కి తీసుకున్న ఒప్పుకోలును తర్వాతి విచారణలో ముద్దాయి మీద సాక్ష్యంగా వాడకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే, కెర్చెవాల్ కేసులో చెప్పింది. వాడనిస్తే వెనక్కి తీసుకోవడానికి అర్థమే ఉండదు. ఇప్పుడది సాక్ష్య నియమాల్లోనే ఉంది. మన దగ్గర ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం) దరఖాస్తులో ముద్దాయి రాసిన సంగతులను ఇంకో పనికి వాడకూడదని భారతీయ నాగరిక సురక్ష సంహిత 299వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ ఆ అధ్యాయం వరకే. మామూలుగా కోర్టులో నిలబడి ఒప్పుకున్న మాటకు అలాంటి హామీ రాసి లేదు.

బయటికి వచ్చే దారి ఇంత వివరంగా ఉండటానికి కారణం, లోపలికి వెళ్లే దారిని వాళ్లు ఒకప్పుడు చాలా నిర్లక్ష్యంగా వదిలేయడమే. అలబామా రాష్ట్రం మొబైల్ నగరంలో ఎడ్వర్డ్ బోయ్‌కిన్ అనే 27 ఏళ్ల నల్లజాతి యువకుడి మీద అయిదు దోపిడీ కేసులు పెట్టారు. అయిదింటికీ ఒప్పుకున్నాడు. జడ్జి ఒక్క ప్రశ్న వేసినట్టు రికార్డులో లేదు. అయిదు కేసుల్లోనూ మరణశిక్ష వేశారు. 1969లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఒక మనిషి విచారణ హక్కునూ, సాక్షులను ప్రశ్నించే హక్కునూ, మౌనంగా ఉండే హక్కునూ వదులుకుంటున్నప్పుడు అవి తెలిసే వదులుకున్నాడని రికార్డు చెప్పాలి, మాట్లాడని రికార్డు నుంచి అంగీకారాన్ని ఊహించుకోకూడదంది.

ఈనాడు అక్కడి ఫెడరల్ కోర్టులో జడ్జి ముద్దాయితో నేరుగా మాట్లాడాలి, ప్రమాణం కూడా చేయించవచ్చు. నేరం చేయలేదని నిలబడే హక్కు నీకుంది, జ్యూరీ ముందు విచారణ కోరవచ్చు, లాయరు ఉంటాడు, గరిష్ఠ శిక్ష ఇంత, తప్పనిసరి కనీస శిక్ష ఉంటే అది ఇంత, ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా అని ఒక్కొక్కటీ అడగాలి. ముద్దాయి ఒప్పుకున్నంత మాత్రాన చాలదు, ఆ నేరం జరిగిందనడానికి వాస్తవాల ఆధారం ఉందని జడ్జి స్వయంగా తృప్తి పడాలి. విదేశీయుడైతే దేశం నుంచి పంపే అవకాశం ఉందని హెచ్చరించాలన్న నిబంధన 2013లో చేరింది. దానికి మూడేళ్ల ముందు హోసే పడీలా కేసు వచ్చింది. హోండూరాస్‌లో పుట్టి, నలభై ఏళ్లకు పైగా అమెరికాలో శాశ్వత నివాసిగా ఉండి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన లారీ డ్రైవరు అతను. గంజాయి రవాణా కేసులో, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నావు కాబట్టి బెంగ లేదని చెప్పిన లాయరు మాటతో నేరం ఒప్పుకున్నాడు. దేశబహిష్కారం సంగతి చెప్పడం లాయరు బాధ్యతేనని 2010 మార్చి 31న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇప్పుడు మన మేజిస్ట్రేటు కోర్టుకు వద్దాం. పేకాట కేసు, కోడిపందెం కేసు, వీధి గొడవ, మద్యం తాగి బండి నడిపిన కేసు. ముద్దాయిల్లో చాలామంది రోజుకూలీలు, ఆటోడ్రైవర్లు, కాలేజీ కుర్రాళ్లు. వాయిదాకు వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. కోర్టు వరండాలో ఎవరో ఒకరు, కోర్టు కానిస్టేబులో, ముందు వచ్చి వెళ్లిన స్నేహితుడో, సలహా ఇస్తారు: ఒప్పేసుకో, ఫైను కట్టి ఈరోజే పోవచ్చు. పేరు పిలుస్తారు. అభియోగం చదువుతారు. ఒప్పుకుంటున్నావా అంటే ఒప్పుకుంటున్నానండీ అంటాడు. రెండు నిమిషాలు పట్టదు. జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, కేసు అయిపోయిందన్న తృప్తితో ఇంటికి వెళతాడు. తాను నేరస్థుడిగా నిర్ధారణ అయ్యాడన్న సంగతి అతనికి తెలియదు, తెలియజెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా ప్రత్యేకంగా లేదు.

అది తెలిసేది ఏళ్ల తర్వాత. పోలీసు ఉద్యోగానికి ఎంపికై, అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న గడి దగ్గర ఆగినప్పుడు తెలుస్తుంది. లేదు అని రాస్తే దాచినట్టవుతుంది. ఇలాంటి దాపరికాల మీద మన సుప్రీంకోర్టు 2016లో, అవతార్ సింగ్ కేసులో, చిన్న నేరాలనూ పెద్ద నేరాలనూ ఒకే గాటన కట్టొద్దని యాజమాన్యాలకు చెప్పింది. అది ఊరటే గానీ, ఒక్కో కుర్రాడు ఆ ఊరట కోసం హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తోంది. అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో కూడా అరెస్టులు, శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది. సంక్రాంతి పందేల బరి దగ్గర పట్టుబడి కట్టిన చిన్న జరిమానా, పై చదువుకు వెళ్లే పిల్లవాడి ఫారంలో అలా తిరిగి ఎదురవుతుంది.

చట్టంలోని మాటలు చూస్తే ఇలా జరగాల్సిన అవసరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్ష సంహితలో, సమన్ల కేసుల్లో ముద్దాయి ఒప్పుకోలును సాధ్యమైనంతవరకు అతని సొంత మాటల్లోనే రాసుకోవాలని 275వ సెక్షన్ అంటోంది. ఆ ఒప్పుకోలు మీద శిక్షించాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు విచక్షణ. సెషన్స్ కేసులకు 252, వారంటు కేసులకు 264 సెక్షన్లలోనూ ఆ విచక్షణ ఉంది. అంటే ముద్దాయి ఒప్పుకున్నా, నమ్మకం కుదరకపోతే విచారణ జరపండని చట్టమే జడ్జికి చెబుతోంది. ఇది అమెరికా 11వ నియమానికి ఏమీ తీసిపోదు. తేడా ఆచరణలో ఉంది. వాళ్లు ఆ విచక్షణను ప్రశ్నల వరసగా మార్చి, ఏ ప్రశ్న వదిలినా తర్వాత తప్పు పట్టే వీలు కల్పించారు. మన దగ్గర అది జడ్జి వ్యక్తిగత ఓపికకూ, ఆ రోజు జాబితాలో ఎన్ని కేసులున్నాయన్నదానికీ వదిలేశాం. ముద్దాయి సొంత మాటలు ఉండాల్సిన చోట, చాలా ఫైళ్లలో కనిపించేది ఇంగ్లీషులో ముందే అచ్చయిన ఒక వాక్యం.

ఓపిక ఉన్న జడ్జి ఏం చేయగలడో మన దేశమే చూసింది. ముంబై దాడుల కేసులో 2009 జులై 20న ముద్దాయి కసబ్ విచారణ మధ్యలో లేచి నేరం ఒప్పుకుంటానన్నాడు. దేశం మొత్తం అతని శిక్ష కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ప్రత్యేక జడ్జి ఎం.ఎల్. తహలియానీ ఆ మాటలను రికార్డు చేశారు గానీ, విచారణ ఆపలేదు. సాక్షులందరినీ విన్నారు. ఆ ఏడాది డిసెంబరులో కసబ్ ఆ ఒప్పుకోలును కాదన్నాడు. దానివల్ల కేసుకు ఏమీ కాలేదు, ఎందుకంటే తీర్పు ఆ మాట ఒక్కదాని మీదే నిలబడలేదు. అంత పెద్ద కేసులో మనం చూపిన జాగ్రత్తలో పదో వంతు మేజిస్ట్రేటు కోర్టులో కోరడం అత్యాశ కాదు.

ఇక శిక్ష పడ్డాక మన ముద్దాయి పరిస్థితి. నేరం ఒప్పుకుని శిక్ష పడినవారికి శిక్ష పరిమాణం, చట్టబద్ధత మీద తప్ప అప్పీలు లేదని నాగరిక సురక్ష సంహిత 416వ సెక్షన్ చెబుతోంది. తీర్పు మీద సంతకం చేశాక, అక్షర దోషాలూ లెక్కల పొరపాట్లూ తప్ప ఆ కోర్టు దాన్ని మార్చకూడదని 403వ సెక్షన్ చెబుతోంది. ఒప్పుకోలు ఒప్పుకోలే కాదని, అర్థం కాక అన్న మాట అని చెప్పుకోవాలంటే రివిజన్‌కో, హైకోర్టు స్వాభావిక అధికారాలు వాడమని 528వ సెక్షన్ కిందో వెళ్లాలి. హైకోర్టులు అలా జోక్యం చేసుకుని ముద్దాయికి మళ్లీ అవకాశం ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. కానీ హైకోర్టుకు వెళ్లాలంటే కొద్దిపాటి జరిమానా పడిన ఆటోడ్రైవరు శ్రీకాకుళం నుంచి అమరావతికి, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు వెళ్లి లాయరును పెట్టుకోవాలి. ఆ ఖర్చుకు వెరచి ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ లెక్కలోనూ కనిపించవు.

ఈ విషయంలో అమెరికా కంటే ఇంగ్లండ్ పద్ధతి మనకు దగ్గర. మన మేజిస్ట్రేటు వ్యవస్థకు మూలం అక్కడిదే. అక్కడ శిక్ష వేసేలోగా ఒప్పుకోలు రద్దు కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒప్పుకోలును అలాగే ఉంచితే ఎందుకు అన్యాయమో, సాక్షులెవరో అందులో రాయాలి. లాయరు సలహా తప్పని ఫిర్యాదైతే, లాయరుకూ తనకూ మధ్య నడిచిన మాటల గోప్యతను వదులుకుంటున్నాడా లేదా అన్నదీ చెప్పాలి. ఈ చివరి షరతు నాకు నచ్చింది. లాయరు మీద నింద వేసేవాడు లాయరు నోరు కూడా విప్పనివ్వాలి. ఇది ముద్దాయికీ లాయరుకూ ఇద్దరికీ న్యాయం.

శిక్ష పడ్డాక కూడా, న్యాయం కోసం అవసరమనిపిస్తే మేజిస్ట్రేటు కోర్టు కేసును తిరిగి తెరిపించవచ్చని 1980 నాటి అక్కడి చట్టం 142వ సెక్షన్ అంటుంది. మొదట ఆ వెసులుబాటు నేరం ఒప్పుకున్నవాళ్లకు లేదు, 28 రోజుల గడువు కూడా ఉండేది. 1995లో ఆ రెండు అడ్డంకులనూ తీసేశారు. మన 403వ సెక్షన్ పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పొరపాటును పొరపాటు జరిగిన చోటే, ఆ ఊళ్లోనే, తక్కువ ఖర్చుతో దిద్దుకునే వీలు వాళ్లు కల్పించుకున్నారు. మనం ఇంకా కల్పించుకోలేదు.

ఇంత ఉన్నా ఇంగ్లండ్‌లో ఘోరం జరిగింది. పోస్టాఫీసుల్లో ఫుజిత్సు తయారుచేసిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ లెక్కల్లో లేని లోటు చూపించింది. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లకూ వాళ్ల సిబ్బందికీ దొంగతనం, దొంగలెక్కల కేసుల్లో శిక్షలు పడ్డాయి. వీళ్లలో చాలామంది నేరం ఒప్పుకున్నవాళ్లే. హాంప్‌షైర్‌లోని ఒక పల్లెలో దుకాణం నడిపే జో హామిల్టన్ మీద 36 వేల పౌండ్లు తిన్నదని కేసు పెట్టారు. దొంగతనం అభియోగం ఎత్తేస్తాం, లెక్కలు తప్పు రాశానని ఒప్పుకో అన్నారు. జైలు తప్పించుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఊరివాళ్లు చందాలు వేసి డబ్బు సర్దారు. తప్పు యంత్రానిదని తేలాక, 2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు ఆమెతో సహా 39 మంది శిక్షలను కొట్టేసింది. ఒక్కొక్కరూ కోర్టు మెట్లు ఎక్కితే ఎన్నేళ్లు పడుతుందోనని 2024 మేలో పార్లమెంటు చట్టం చేసి మిగతావారిలో చాలామంది శిక్షలను ఒకేసారి రద్దు చేసింది.

నేరం చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు అని అడిగేవారికి ఈ పోస్టుమాస్టర్ల కథ చాలు. భయంతో, అలసటతో, డబ్బుల్లేక, పిల్లల ముఖం చూసి ఒప్పుకుంటారు. మన దగ్గర రోజుకూలీ ఒప్పుకునేది కూడా ఈ కారణాలతోనే.

అమెరికాను ఆదర్శమని పూర్తిగా నెత్తికెత్తుకోవాల్సిన పనీ లేదు. 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారమే ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం శిక్షలు నేరాంగీకారంతో వస్తున్నాయి. విచారణ అన్నది అక్కడ అరుదైపోయింది. కెంటకీలో పాల్ హేస్ అనే అతను 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసులో దొరికాడు. ఒప్పుకుంటే అయిదేళ్లు, ఒప్పుకోకపోతే పాత నేరస్థుడి చట్టం కింద కేసు పెడతానని ప్రాసిక్యూటర్ చెప్పాడు. హేస్ ఒప్పుకోలేదు. యావజ్జీవ శిక్ష పడింది. 1978లో సుప్రీంకోర్టు 5–4తో దాన్ని సమర్థించింది. ఇంత ఒత్తిడి ఉన్న చోట బయటికి దారి ఉండటం దయ కాదు, అవసరం. మన ప్లీ బార్గెయినింగ్ 2006 జులైలో అమల్లోకి వచ్చినా నేటికీ ఒక శాతం కేసుల్లో కూడా వాడటం లేదు. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే అది పరిమితం. మహిళల మీద, పిల్లల మీద నేరాలకు వర్తించదు. ముద్దాయి ఇష్టంతోనే వచ్చాడా అని జడ్జి ఏకాంతంగా అడిగి తెలుసుకోవాలి. ఇష్టం లేదని తేలితే కేసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మామూలుగా నడుస్తుంది. ఇది అమెరికా నుంచి మనం తెచ్చుకుని, మన జాగ్రత్తలు కలిపి సరిదిద్దుకున్న పద్ధతి. ఆ జాగ్రత్త అంతా ఆ అధ్యాయంలోనే ఉండిపోయి, లక్షల కేసులు తేలే మామూలు ఒప్పుకోలు దగ్గరికి రాకపోవడమే లోటు.

మన సుప్రీంకోర్టుకు ఈ సంగతి అమెరికా చెప్పక్కర్లేదు. గుజరాత్‌కు చెందిన ఆహార కల్తీ కేసులో, 1980లో, జస్టిస్ పి.ఎన్. భగవతి లోపాయికారీ బేరంతో వచ్చిన ఒప్పుకోలును కొట్టేశారు. కేసుల నిడివికి భయపడి నిర్దోషి కూడా ఒప్పుకునే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆ తర్వాత కర్ణాటకలోని తిప్పస్వామి కేసు వచ్చింది. తక్కువ శిక్ష పడుతుందన్న ఆశతో ఒప్పుకున్న వ్యక్తికి పై కోర్టు శిక్ష పెంచింది. ఆశ చూపి ఒప్పించి, తర్వాత శిక్ష పెంచడం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష పెంచాలనుకుంటే ముందు ఆ ఒప్పుకోలు మీది శిక్షను రద్దు చేసి, ముద్దాయి తన తరఫు వాదించుకునేలా కేసును విచారణకు పంపాలంది. ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకునే సూత్రం ఇదే. నలభై ఏళ్లుగా ఆ తీర్పు పుస్తకాల్లో ఉంది. దాన్ని నియమంగా రాసుకునే పని మిగిలింది.

ఆ పని కొంతవరకు ఢిల్లీ దాకా వెళ్లకుండానే చేయవచ్చు. కింది కోర్టుల పని తీరుకు నియమాలూ, ఫారాలూ తయారుచేసే అధికారం 227వ అధికరణ కింద హైకోర్టులకు ఉంది. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 1990లో చేసిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అలా వచ్చినవే. రెండు రాష్ట్రాల హైకోర్టులూ ఒక పేజీ ఫారం తెలుగులో, ఉర్దూలో పెట్టించవచ్చు. జరిమానా కట్టడం అంటే నేరం రుజువైనట్టే అన్న వాక్యం అందులో మొదట ఉండాలి. లాయరు కావాలా, ఉచితంగా ఇస్తారని తెలుసా, ఎవరైనా ఒప్పుకోమన్నారా అన్న ప్రశ్నలు తర్వాత. జవాబులు అచ్చువి కాకుండా ముద్దాయి చెప్పిన మాటల్లోనే రాయాలి. శిక్ష వేసేలోగా మనసు మార్చుకుంటే ఏ కాగితం ఇవ్వాలో అందులోనే ఉంటే మంచిది. ఒప్పుకోలుకూ శిక్షకూ మధ్య కనీసం ఒక్క రోజు ఉంటే, వరండాలో విన్న సలహాను ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే వీలుంటుంది. ఒక్క రోజుతో కోర్టు మునిగిపోదు. శిక్ష పడ్డ తర్వాతి దారికి మాత్రం పార్లమెంటు 403, 416 సెక్షన్లను సవరించాలి, ఇంగ్లండ్ 1995లో చేసిన సవరణ మన ముందే ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ విషయం దూరపు సంగతి కాదు. దుకాణంలో వస్తువు బయటికి తెచ్చిన కేసులో, చిన్నదే కదా, ఒప్పుకుని ఫైను కడదామని వెళ్లేవాళ్లుంటారు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో నేరం ఒప్పుకుంటే తీర్పును వాయిదా వేసి, ఒక గడువు పాటు మంచిగా ఉంటే కేసు కొట్టేసే పద్ధతి ఉంది. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. అమెరికా వలస చట్టం దృష్టిలో, ఒప్పుకోలుతో పాటు ఏదో ఒక ఆంక్ష విధిస్తే చాలు, అది నేరనిర్ధారణే. ఒప్పుకోలును తర్వాత రద్దు చేయించుకున్నా, అది జరిగిన తీరులోని లోపం వల్ల రద్దయితేనే వలస అధికారులు లెక్కలోకి తీసుకుంటారు, వీసా పోతుందన్న జాలితో రద్దు చేస్తే తీసుకోరు. కాలిఫోర్నియాలో పరిస్థితి కొంత మెరుగు. విదేశీయుడికి వలస పరిణామాల గురించి జడ్జి హెచ్చరిక చేయకపోతే ఒప్పుకోలును వెనక్కి తీసుకోనివ్వాలని 1977లోనే అక్కడ చట్టం చేశారు. శిక్ష అనుభవించి బయటికి వచ్చినవారికి కూడా 2017 నుంచి ఇంకో దారి తెరిచారు. ఫెడరల్ కోర్టుల్లో భాష అర్థం కాని ముద్దాయికి దుబాసీ ఇవ్వాలని 1978 నుంచి చట్టం ఉంది. ఇంగ్లీషు వచ్చు కదా అని మొహమాటపడకుండా తెలుగు దుబాసీని అడగాలి. ఇంజనీరింగ్ చదువుకున్న ఇంగ్లీషు వేరు, కోర్టు ఇంగ్లీషు వేరు.

అక్కడైనా ఇక్కడైనా, ఒప్పుకోమని ఎవరు చెప్పినా లాయరుతో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. డబ్బు లేదని ఆగనక్కర్లేదు. అరెస్టయి కస్టడీలో ఉన్నవారికీ, మహిళలకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా, తక్కువ ఆదాయం ఉన్న మిగతావారికీ 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద లాయరును ఉచితంగా ఇవ్వాలి. ప్రతి జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంది. ఫోనులో అడగాలంటే దేశమంతటికీ ఒకటే నంబరు, 15100.